మహా సరోవరాల మీద శీతకాలపు తుపానులు: మంచును అంగుళాల్లో కొలిస్తే సరిపోతుందా?

తీరవాసి_బఫెలో

సభ్యులందరికీ నమస్కారం. మా ఊరి తెలుగు సంఘం ఉగాది సంచిక కోసం, అమెరికా, కెనడాల నడుమనున్న ఈ మహా సరోవరాల (గ్రేట్ లేక్స్) ప్రాంతాన్ని కుదిపేసిన శీతకాలపు తుపానుల చరిత్రను ఒక వ్యాసంగా రాయమని పెద్దలు నన్ను అడిగారు. న్యూయార్క్ రాష్ట్రంలో ఈరీ సరోవరపు ఒడ్డునున్న బఫెలో నగర శివార్లలోని యామ్‌హర్‌స్ట్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను కనుక పని తేలికే అనుకుని, ముందుగా కురిసిన మంచు ఎత్తును బట్టి ఒక పట్టిక తయారు చేసుకున్నాను. పట్టిక పూర్తయ్యాక నాకు అయోమయం మొదలైంది.

2014 నవంబరులో మా దక్షిణ శివార్ల మీద ఐదు అడుగులకు మించి మంచు పడింది. కౌల్స్‌విల్ అనే చోట 88 అంగుళాలు నమోదయ్యాయి. 2022 నవంబరులో హాంబర్గ్, ఆర్చర్డ్ పార్క్ ప్రాంతాల్లో దాదాపు 80 అంగుళాలు కురిసింది. సుమారు నెల తరువాత, 2022 క్రిస్మస్ సమయంలో వచ్చిన తుపానులో విమానాశ్రయం దగ్గర కొలిచినది 51.9 అంగుళాలు. ఇక ఈ ఊళ్లో ఏ వృద్ధుణ్ణి కదిపినా మొదట చెప్పే 1977 జనవరి తుపానులో కొత్తగా కురిసిన మంచు సుమారు 12 అంగుళాలే! నా పట్టికలో అట్టడుగున ఉన్న తుపానే జనం నోట ముందుగా వస్తోంది. నలభై ఏడు మందిని బలిగొన్న 2022 డిసెంబరు తుపాను కూడా పట్టికలో పై వరుసలో లేదు. నేను కొలవవలసినదాన్ని వదిలేసి మరేదో కొలుస్తున్నానని అనిపిస్తోంది. తెలిసినవారు సరిదిద్దగలరు.

సిరక్యూస్_విద్యార్థిని

తీరవాసి గారూ, మీకు వచ్చిన సందేహం సరైనదే. నేను వాతావరణ శాస్త్రం చదువుతున్నాను కనుక, ఇక్కడ రెండు వేరు వేరు సంగతులు ఒకే పేరుతో చెలామణి అవుతున్నాయని చెప్పగలను.

మొదటిది ఇక్కడి వారంతా లేక్ ఎఫెక్ట్ అని పిలిచే హిమపాతం. శీతకాలం మొదట్లో సరోవరపు నీరు వేసవి వేడిని ఇంకా పట్టి ఉంచుకుంటుంది. ఆర్కిటిక్ నుంచి దిగివచ్చే చలిగాలి ఆ నీటి మీదుగా ప్రయాణిస్తూ వేడినీ తేమనూ తాగి, ఆవలి ఒడ్డు తగలగానే మంచుగా కుమ్మరిస్తుంది. నీటి ఉపరితలానికీ, దానికి సుమారు కిలోమీటరున్నర ఎత్తున ఉన్న గాలికీ మధ్య కనీసం 13 డిగ్రీల సెల్సియస్ తేడా ఉంటే ఇది మొదలవుతుందని మాకు పాఠంలో చెబుతారు. ఈరీ సరోవరం నైరుతి నుంచి ఈశాన్యానికి పొడుగ్గా, దాదాపు 390 కిలోమీటర్లు పరుచుకుని ఉంది. గాలి ఆ పొడవు వెంబడే వీచిందంటే, మంచు మేఘం ఒక సన్నని పట్టీలా కూడుకుని, దాని కొన దాదాపు బఫెలో దగ్గరే ఆనుతుంది. ఆ పట్టీ కిందనున్న పేటలో మనిషెత్తు మంచు పడుతుండగా, పదిమైళ్ల ఉత్తరాన ఎండ కాయడం మామూలే. 2014లో జరిగింది అదే. ఎంత ఎత్తున పడినా గాలి ఒక మోస్తరుగా ఉంటే, ఇంట్లో ఉన్నవారు ఇంట్లోనే ఉండి బతికి బయటపడగలరు.

రెండవది అసలైన బ్లిజార్డ్. అందులో మంచు కన్నా గాలి ముఖ్యం. గంటకు 35 మైళ్లకు తగ్గని గాలి, పావు మైలు కన్నా ముందుకు కనపడని స్థితి, వరుసగా మూడు గంటలు నిలిస్తేనే ఇక్కడి వాతావరణ శాఖ దానికి ఆ పేరు పెడుతుంది. ఆ నిర్వచనంలో అంగుళాల మాటే లేదు.

1977 సంగతి ఇంకా విచిత్రం. ఈరీ సరోవరం సగటు లోతు 19 మీటర్లే కనుక అది త్వరగా గడ్డకడుతుంది. ఆ తుపానుకు ముందు, 1976 డిసెంబరు 14 నాటికే పూర్తిగా గడ్డకట్టింది. గడ్డకట్టిన సరోవరం తేమ ఇవ్వదు కనుక లేక్ ఎఫెక్ట్ ఆగిపోవాలి, ఆగింది కూడా. అయితే ఆ మంచుగడ్డ మీద అప్పటికి వారాల తరబడి కురిసిన పొడిమంచు వదులుగా పేరుకుని ఉంది. జనవరి 28న గంటకు 69 మైళ్ల వేగాన్ని అందుకున్న గాలి, సరోవరం మీది ఆ పొడినంతా ఎత్తి ఊరి మీద పోసింది. అంటే బఫెలోను పూడ్చిన మంచులో ఎక్కువ భాగం ఆ రోజు ఆకాశం నుంచి రాలినది కాదు. మీ 12 అంగుళాల చిక్కుముడి అక్కడ విడుతుంది.

తీరవాసి_బఫెలో

అమ్మా, ఈ ఒక్క వివరణతో నా పట్టిక సగం కొట్టివేయవలసి వచ్చింది. మా వీధి చివరనుండే పెద్దాయన చెప్పిన మాట ఇప్పుడు అర్థమైంది. శుక్రవారం ఉదయం పదకొండు దాటాక, అందరూ ఆఫీసుల్లో ఉండగా, పడమటి దిక్కున తెల్లని గోడ కదిలి వచ్చినట్టు వచ్చిందని ఆయన అంటారు. వేలాది మంది నగరం నడిబొడ్డున కార్యాలయాల్లోనే రాత్రులు గడిపారు. కొందరు కార్లలోనే పూడిపోయి చనిపోయారు. మొత్తం 29 మంది మరణించారు. మంచు దిబ్బలు ముప్పై అడుగుల వరకు లేచాయి. జంతుశాలలో కంచె ఎత్తున దిబ్బ కట్టడంతో మూడు రెయిన్‌డీర్‌లు దాని మీదుగా నడిచి బయటికి వెళ్లిపోయాయట. మంచు కారణంగా అమెరికా అధ్యక్షుడు విపత్తు ప్రాంతంగా ప్రకటించడం అదే మొదటిసారి.

పాతపేపర్ల_పంతులు

అయ్యా, మీ వ్యాసం 1977తో మొదలైతే అన్యాయం జరుగుతుంది. నేను క్లీవ్‌లాండ్‌లో పదవీ విరమణ చేసి, ఇక్కడి గ్రంథాలయంలో పాత పత్రికలు తిరగేస్తూ కాలం గడుపుతున్నాను. ఈ ప్రాంతపు తుపానులన్నింటికీ పెద్దది 1913 నవంబరు 7 నుంచి 10 వరకు సాగినది. దాన్ని తెల్ల హరికేన్ అని ఇప్పటికీ పిలుస్తారు. 250 మందికి పైగా నావికులు మరణించారు. పన్నెండు ఓడలు మనుషులతో సహా మునిగిపోయాయి; మరెన్నో ఒడ్డుకు కొట్టుకొచ్చి విరిగాయి.

అది ఒక్క తుపాను కాదు. శుక్ర, శనివారాల్లో సుపీరియర్, మిషిగన్ సరోవరాల మీద వాయవ్యపు గాలి విజృంభించి, తరువాత కొంత నెమ్మదించింది. శనివారం అది తగ్గుముఖం పట్టిందని నమ్మిన కెప్టెన్లు ఆదివారం ఉదయం హ్యూరాన్ సరోవరం మీదికి ఓడలు తోలారు. ఈలోగా ఆగ్నేయ రాష్ట్రాల వైపు పుట్టిన మరో అల్పపీడనం ఉత్తరానికి పరుగెత్తి, ఈరీ సమీపంలో ఆ చలిగాలితో కలిసిపోయింది. ఆదివారం సాయంత్రం నుంచి అర్ధరాత్రి లోపు హ్యూరాన్ ఒక్కదాని మీదే ఎనిమిది పెద్ద ఓడలు గల్లంతయ్యాయి. గాలి గంటకు 90 మైళ్లు, అలలు 35 అడుగులు అని బయటపడినవారు చెప్పారు.

ఒక దృశ్యం నన్ను వదలడం లేదు. సోమవారం నాడు పోర్ట్ హ్యూరాన్‌కు ఉత్తరాన, నీటిపైన ఒక ఓడ అడుగుభాగం తిరగబడి తేలుతూ కనిపించింది. పేరు నీటి కింద ఉండిపోయింది. ఇది ఎవరి ఓడ, ఎవరి బిడ్డలు ఇందులో పోయారు అని ఒడ్డున కుటుంబాలు ఐదు రోజులు ఎదురు చూశాయి. పదిహేనో తేదీన ఒక గజ ఈతగాడు కిందికి దిగి, తలకిందులుగా ఉన్న అక్షరాలను చదివి, అది చార్ల్స్ ఎస్. ప్రైస్ అని పైకి వచ్చి చెప్పాడు.

మా ఊళ్లో 22 అంగుళాల మంచు పడి, తంతి, టెలిఫోను, కరెంటు తీగలన్నీ తెగి నగరం ఒంటరిదైపోయింది. తీగలను భూమి కింద వేయాలన్న పట్టుదల ఆ వారంలోనే గట్టిపడింది.

విశాఖ_నావికుడు

పంతులు గారికి నమస్సులు. ముప్పై నాలుగేళ్లు సరుకు ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి విశాఖలో విశ్రాంతి తీసుకుంటున్నాను. సరోవరమే కదా, సముద్రం ముందు అదెంత అని మనవాళ్లు అనుకుంటారు. ఉద్యోగంలో ఉండగా ఒక అక్టోబరులో సెయింట్ లారెన్స్ మార్గం గుండా లోపలికి వచ్చి, ఈరీ మీద ఒక రాత్రి గడిపిన తరువాత ఆ మాట మళ్లీ అనలేదు.

సముద్రపు అల పొడవుగా వస్తుంది. ఓడ దాని మీద ఎక్కి దిగుతుంది. సరోవరపు అల పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనక ఒకటి ఊపిరి తీసుకోనివ్వకుండా వస్తుంది. ఇక్కడి ఖనిజం ఓడలు కాలువల లాకుల్లో పట్టేలా సన్నగా, చాలా పొడవుగా కడతారు. ముందు కొన ఒక అల మీద, వెనక కొన మరో అల మీద ఉన్నప్పుడు నడుము కింద నీరు ఉండదు. బరువంతా నడుము మీద పడుతుంది. దానికి తోడు శీతకాలంలో ఎగసిన తుంపర ఎక్కడికక్కడ గడ్డకట్టి, డెక్ మీద టన్నుల కొద్దీ మంచు బరువు చేరుతుంది. పారిపోవడానికి చోటు కూడా లేదు. సముద్రంలో తుపాను వస్తే ఒడ్డుకు దూరంగా పోతాం. సరోవరంలో ఎటు తిరిగినా కొన్ని గంటల్లో ఒడ్డే ఎదురొస్తుంది.

ఒక్క విషయంలో పంతులు గారితో విభేదిస్తాను. మోసపోయారు అన్నట్టుగా కెప్టెన్లను రాశారు. హెచ్చరిక జెండాలు ఎగరలేదా?

పాతపేపర్ల_పంతులు

ఎగిరాయి. నేను దాచలేదు, చెప్పవలసినంత వివరంగా చెప్పలేదు. శుక్రవారం నాడే రేవుల్లో, నడుమ నల్ల చతురస్రం ఉన్న ఎర్ర జెండా మీద తెల్ల పతాకం ఎగరేశారు. వాయవ్యం నుంచి తుపాను గాలి అని దాని అర్థం. చీకటిపడ్డాక సుపీరియర్ రేవుల్లో ఎరుపు, తెలుపు, ఎరుపుగా ఒకదాని కింద ఒకటి మూడు లాంతర్లు వెలిగాయి. అది హరికేన్ సంకేతం.

అయినా నేను కెప్టెన్లను పూర్తిగా తప్పుపట్టను. ఆ రోజుల్లో వాతావరణ పటాలు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి మాత్రమే తయారయ్యేవి. ఆ రెంటి మధ్య పన్నెండు గంటల్లో ఏం మారిందో రేవు వదిలిన ఓడకు చేరే దారి లేదు. చాలా ఓడల్లో వైర్‌లెస్ లేదు. జెండా ఎగురుతూ ఉంది, గాలి మాత్రం తగ్గింది. నవంబరు చివరి ప్రయాణాలకు యజమానులు అదనపు కూలి ఇచ్చేవారు. శుక్రవారం నుంచి ఎగురుతున్న జెండాను ఆదివారం నాడు మనిషి ఎలా చదువుతాడు?

విశాఖ_నావికుడు

నేను జెండా దిగేదాకా రేవు వదిలేవాణ్ణి కాదు. ఇది గొప్ప కోసం చెప్పే మాట కాదు; నా కెప్టెన్లలో ఒకాయన మాకు నేర్పిన పద్ధతి. మీరన్న డబ్బు ఒత్తిడి నిజమే, దాన్ని ఒప్పుకుంటాను. తక్కినదాంట్లో మన అభిప్రాయాలు వేరుగానే ఉండనివ్వండి.

దివిసీమ_రైతుబిడ్డ

ఈ చర్చ చదువుతూ ఉంటే నిద్ర పట్టలేదు. మాది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిననాటికి నాకు ఎనిమిదేళ్లు. బఫెలోలో మంచు గోడ వచ్చిన సంవత్సరమే, మా మీద నీటి గోడ వచ్చింది. పదివేల మందికి పైగా పోయారు. రేడియోలో వాయుగుండం అన్నారు. వాయుగుండాలు మాకు ఏటా వచ్చేవే కనుక మా నాన్న పశువులను పాకలోనే కట్టేశారు. పంతులు గారు చెప్పిన ఆదివారపు జెండా నాకు బాగా తెలిసినట్టే అనిపించింది.

నాకొక సందేహం. సరోవరానికి ఉప్పెన ఉంటుందా?

సిరక్యూస్_విద్యార్థిని

బాబాయ్ గారూ, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఉంటుంది. గాలి ఒకే దిక్కున గంటల తరబడి తోస్తే, ఈరీ నీరంతా బఫెలో కొనకు చేరి లేచి, పడమటనున్న టొలీడో కొనలో అడుగు కనపడేంతగా దిగిపోతుంది. గాలి తగ్గగానే పళ్లెంలో నీరు ఊగినట్టు వెనక్కి ఊగుతుంది. దీన్ని సీష్ అంటారు. 1844 అక్టోబరు 18 రాత్రి బఫెలోలో 14 అడుగుల గోడను దాటి నీరు ఊళ్లోకి వచ్చి 78 మందిని బలిగొంది. 2022 డిసెంబరులో కూడా ఆవలి ఒడ్డున, కెనడాలోని క్రిస్టల్ బీచ్‌లో, ఎగసిన తుంపర ఇళ్లకు ఇళ్లనే మంచుగడ్డలో పొదిగింది.

మీరు మచిలీపట్నం ప్రాంతం వారు కనుక మరొకటి చెప్పాలి. 1868, 1869 రెండేళ్లలో ఈ సరోవరాల మీద ఓడ ప్రమాదాల్లో 500 మందికి పైగా చనిపోవడంతో, మిల్వాకీకి చెందిన ఇంక్రీస్ లాఫమ్ అనే శాస్త్రజ్ఞుడు తుపాను హెచ్చరికల వ్యవస్థ కావాలని పట్టుబట్టారు. 1870 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం దానికి చట్టం చేసింది. ఆ నవంబరు 8న లాఫమ్ గారే సరోవరాలకు మొదటి తుపాను హెచ్చరిక రాశారు. మన దేశంలోనూ దారి అదే. 1864 అక్టోబరులో కలకత్తా, నవంబరు 1న మచిలీపట్నం తుపానుల పాలయ్యాయి. మరుసటి ఏడే కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది.

డెట్రాయిట్_వదిన

నవంబరులో వీచే పెనుగాలులను ఈ సరోవరాల నావికులు నవంబరు మంత్రగత్తె అంటారు. కృష్ణా తీరం వారికి ఆ నెల మీద ఉన్న భయం వేరే చెప్పనక్కరలేదు కనుక, తీరవాసి గారు వ్యాసంలో ఈ పోలికను తప్పక రాయాలి.

1940 నవంబరు 11 గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. అది యుద్ధ విరమణ దినం, సెలవు. ఉదయం నవంబరుకు తగని వెచ్చదనం. బాతులు గుంపులుగా కిందికి ఎగురుతున్నాయని పలుచని చొక్కాలతో వేటగాళ్లు మిసిసిపీ నది లంకల్లోకి పడవల్లో వెళ్లారు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది, వాన మంచయింది, సాయంత్రానికి పడవ నడిపే వీలు లేకపోయింది. లంకల్లో చిక్కుకున్నవారిలో ఎందరో చలికి గడ్డకట్టి పోయారు. ఆ తుపానులో మొత్తం మరణాలు సుమారు 150. మిషిగన్ సరోవరంలో పెంట్‌వాటర్ దగ్గర డేవాక్, మించ్ అనే రెండు ఓడలు ఒక్క మనిషిని కూడా మిగల్చకుండా మునిగాయి. నోవాడాక్ అనే మూడో ఓడ ఒడ్డు దగ్గర ఇసుకదిబ్బ మీద ఎక్కి విరిగిపోతే, అందులో బతికున్న పదిహేడు మందిని రెండు రోజుల తరువాత ఆ ఊరి జాలరులే చిన్న చేపల పడవలో వెళ్లి తీసుకొచ్చారు.

ఇక 1975 నవంబరు 10న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్. 729 అడుగుల ఓడ, దాదాపు 26,000 టన్నుల ఇనుప ఖనిజంతో సుపీరియర్ మీద మా డెట్రాయిట్ వైపు వస్తోంది. రాడార్లు పోయాయి, వెనక వస్తున్న యాండర్సన్ అనే ఓడ దారి చెబుతోంది. రాత్రి ఏడు దాటాక ఎలా ఉన్నారని వారు అడిగితే, తట్టుకుని నిలబడుతున్నామని కెప్టెన్ మెక్‌సోర్లీ బదులిచ్చారు. కొద్ది నిమిషాలకు ఆ ఓడ రాడార్ తెర మీద లేదు. ఆశ్రయం దొరికే వైట్‌ఫిష్ అఖాతం ఇక 17 మైళ్లే. 29 మందిలో ఒక్కరి దేహం కూడా దొరకలేదు. డెట్రాయిట్‌లోని నావికుల చర్చిలో మరునాడు గంట 29 సార్లు మోగించారు. నవంబరు స్మారక ప్రార్థనకు నేను ఒకసారి వెళ్లాను. ఒక్కో గంటకూ మధ్య వదిలే నిశ్శబ్దం ఎంత పొడుగ్గా ఉంటుందో అక్కడ కూర్చుంటేనే తెలుస్తుంది.

పాతపేపర్ల_పంతులు

వదిన గారికి కృతజ్ఞతలు. ఒక్క వాక్యం చేర్చుతాను. 1978 జనవరి 26న క్లీవ్‌లాండ్‌లో వాయుపీడనం 28.28 అంగుళాల పాదరస మట్టానికి దిగింది. అది హరికేన్ల నడుమ కనిపించే అంకె. గాలి గంటకు 82 మైళ్ల వేగంతో వీచింది. ఒహాయోలో 51 మంది పోయారు. మాన్స్‌ఫీల్డ్ దగ్గర ఒక లారీ డ్రైవరు తన లారీతో సహా మంచు కింద ఆరు రోజులు పూడి ఉండి, ప్రాణాలతో బయటపడ్డాడు.

తీరవాసి_బఫెలో

అందరూ ఇంత ఇచ్చాక, నేను ఇప్పటిదాకా రాయకుండా దాటవేసినది రాయాలి. 2022 డిసెంబరు 23 శుక్రవారం.

ముందస్తు సూచనలో లోపం ఏమీ లేదు. నాలుగు రోజుల ముందు నుంచే వాతావరణ శాఖ, ఇది తరానికి ఒకసారి వచ్చే తుపాను అని చెబుతూనే ఉంది. ప్రయాణ నిషేధం శుక్రవారం ఉదయం 9:30కు అమలులోకి వచ్చింది. అప్పటికే జీతం పోగొట్టుకోలేని వారెందరో పనులకు వెళ్లిపోయారు. నవంబరులో అంత మంచును చూసి తట్టుకున్న ఊరు కనుక, ఇది అందులో సగమే కదా అని నేను కూడా అనుకున్నాను. విమానాశ్రయం దగ్గర బ్లిజార్డ్ స్థితి 37 గంటల పాటు విడవకుండా సాగింది. అంబులెన్సులు, మంచు తీసే బండ్లు కూడా దారిలో చిక్కుకుపోయాయి. చనిపోయినవారిలో కార్లలో ఉన్నవారున్నారు, వీధిలో నడుస్తూ పడిపోయినవారున్నారు, కరెంటు పోయి వేడి లేని ఇంట్లో పోయినవారున్నారు, సాయం చేరక గుండెపోటుతో పోయినవారున్నారు.

శనివారం తెల్లవారుజామున మా ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగింది. ఇంటిని వేడి చేసే ఫర్నేస్ పొగ గొట్టం మా పక్క గోడలోంచి, నేలకు అడుగున్నర ఎత్తున బయటికి వస్తుంది. దాని మీద దిబ్బ కట్టింది. ఫర్నేస్ ఆపి, నా భార్య నడుముకు కట్టిన చీరల తాడు పట్టుకుని నేను గోడ వెంబడి పాకుతూ వెళ్లాను. పన్నెండు అడుగుల దూరం. మంచు రేకుల్లా లేదు. బియ్యప్పిండి జల్లెడ పట్టినట్టు ముక్కులోకి, కళ్లలోకి వచ్చింది. చెయ్యి చాచితే నా చెయ్యే నాకు కనపడలేదు. చేత్తో గొట్టాన్ని తవ్వి, తిరిగి రావడానికి పావుగంట పట్టింది. గంటకొకసారి చొప్పున సాయంత్రం వరకు అలాగే వెళ్లి వచ్చాను. ఆ రోజు మా ఇంటి దగ్గర ఎన్ని అంగుళాలు పడిందో నేను కొలవలేదు.

అందుకే పట్టిక మార్చాను. అంగుళాల వరుసను చివరకు జరిపి, మూడు కొత్త వరుసలు పెట్టాను: గాలి ఎన్ని గంటలు నిలిచింది, తుపాను తాకే గడియకు జనం ఎక్కడ ఉన్నారు, హెచ్చరికకూ తుపానుకూ మధ్య వాతావరణం ఎలా కనిపించింది. 1913లో ఆదివారం ఉదయం, 1940లో వెచ్చని సెలవు రోజు, 1977లో శుక్రవారం ఆఫీసు వేళ, 2022లో మళ్లీ శుక్రవారం ఉదయం. ఈ క్రమంలో రాసినప్పుడు మరణాల అంకెలకు అర్థం కనిపిస్తోంది.

విశాఖ_నావికుడు

నాయనా, ఇంజనీరుగా అడుగుతున్నాను. ఆ గొట్టం ఇంకా అడుగున్నర ఎత్తునే ఉందా?

తీరవాసి_బఫెలో

లేదండీ. మరుసటి వేసవిలో ఐదు అడుగుల ఎత్తుకు లేపించాను. మా వరుసలో మరో నాలుగు ఇళ్ల వారు కూడా లేపించుకున్నారు. వీధి చివరి పెద్దాయన గొట్టం మాత్రం 1977 తరువాత నుంచే ఎత్తున ఉందట; ఇన్నేళ్లూ దాని ముందు నుంచే నడిచి వెళ్తూ, అది అంత ఎత్తున ఎందుకుందని ఒక్కసారి కూడా అడగలేదు.